కంప్యూటర్ చెప్పే ‘బ్యాండ్ గ్యాప్’ను ఎంత నమ్మొచ్చు? కొత్త సోలార్ ప్యానెళ్ల కోసం ఆగాలా? అసలు లెక్క ఇదీ!

కొండగట్టు: కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే రూట్లో ఇప్పుడు డాబాల మీద, పొలాల పక్కన సోలార్ ప్యానెళ్లు కనిపించడం మామూలైపోయింది. ఇటు రామగుండంలో ఎన్టీపీసీ అయితే ఏకంగా రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల ప్లాంటు పెట్టేసింది. ఇవన్నీ సిలికాన్‌తో చేసిన ప్యానెళ్లే. మరోవైపు ఫోన్ తీస్తే చాలు.. "ఏఐ కొత్త సోలార్ పదార్థం కనిపెట్టేసింది, ఇక సిలికాన్ పని ఖతం" అంటూ షార్ట్స్ మీద షార్ట్స్. దాంతో ఇంటి మీద ప్యానెళ్లు పెట్టించుకుందామనుకునే వాళ్లకి ఒకటే డౌట్. ఇప్పుడే పెట్టించుకోవాలా? కొత్తవి వచ్చేదాకా ఆగాలా?

ఈ డౌట్‌కి జవాబు కావాలంటే ఆ వీడియోల్లో ఎక్కువగా వినిపించే ఒక మాట అర్థం కావాలి. అదే ‘బ్యాండ్ గ్యాప్’. కంప్యూటర్ కనిపెట్టింది అని చెప్తున్నది చాలాసార్లు ప్యానెల్‌ను కాదు. ఒక పదార్థానికి బ్యాండ్ గ్యాప్ ఇంత ఉండొచ్చు అనే ఒక నంబర్‌ను. ఆ నంబర్ ఎలా వస్తుంది, ఎక్కడ తప్పుతుంది? చూద్దాం.

అసలేంటీ బ్యాండ్ గ్యాప్?

కొండగట్టు అంజన్న గుడికి వెళ్లినవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. కింద మైదానం, పైన గుడి. సోలార్ సెల్‌లో ఎలక్ట్రాన్ల పరిస్థితీ అలాంటిదే. కింద ఉన్న ఎలక్ట్రాన్లు అణువులను పట్టుకుని ఉంటాయి, అక్కడ సందు లేదు, కదల్లేవు. దాన్ని వ్యాలెన్స్ బ్యాండ్ అంటారు. పైకెక్కితే ఫ్రీగా తిరగొచ్చు, వైరులోకి వెళ్లొచ్చు, కరెంట్ అవ్వొచ్చు. అది కండక్షన్ బ్యాండ్. ఈ రెండింటి మధ్య ఉన్న ఎత్తే బ్యాండ్ గ్యాప్.

కాకపోతే నిజం కొండకీ దీనికీ ఒక తేడా ఉంది. మనం అలిసిపోతే దారిలో ఎక్కడో ఓ చెట్టు కింద కూర్చోవచ్చు. ఎలక్ట్రాన్‌కి ఆ చాన్స్ లేదు. మధ్యలో నిలబడే చోటే ఉండదు. ఎక్కితే ఒకేసారి పైదాకా ఎక్కాలి, లేదంటే కిందే ఉండాలి. ఎక్కించేది సూర్యుడి వెలుగు. వెలుగు చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది, వాటిని ఫోటాన్లు అంటారు. ఒక ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను ఎక్కిస్తుంది. దాని దగ్గర గ్యాప్ కన్నా తక్కువ శక్తి ఉంటే ఎక్కించలేదు, వేస్ట్. ఎక్కువ ఉంటే ఎక్కిస్తుంది, కానీ మిగిలింది వేడైపోతుంది. చిల్లర తిరిగి రాదన్నమాట.

ఈ ఎత్తును కొలిచే యూనిట్ ఎలక్ట్రాన్ వోల్ట్. సైంటిస్టులు షార్ట్‌గా ‘ఈవీ’ అంటారు, ఎలక్ట్రిక్ కారు అనుకోకండి. సిలికాన్ గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఆకుపచ్చ వెలుగులో ఒక్కో ఫోటాన్ దగ్గర సుమారు 2.3 ఉంటుంది. అంటే సిలికాన్ మీద ఆకుపచ్చ వెలుగు పడితే 1.12 పనికొస్తుంది, మిగతా సగానికి పైగా వేడి రూపంలో పోతుంది. గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండే టైటానియం డయాక్సైడ్ గ్యాప్ అయితే 3.2 దాకా ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుగంతా 1.8 నుంచి 3.1 లోపే కాబట్టి అది దాన్ని పట్టుకోలేదు, అందుకే తెల్లగా మెరుస్తుంది. పెయింట్‌తో కరెంట్ రాదు.

మరి ఎంత గ్యాప్ ఉంటే బెస్ట్? చిన్నగా ఉంటే ఎక్కువ ఫోటాన్లు పనికొస్తాయి, కానీ ఒక్కోదాని నుంచి వచ్చే వోల్టేజ్ తక్కువ. పెద్దగా ఉంటే వోల్టేజ్ ఎక్కువ, పనికొచ్చే ఫోటాన్లు తక్కువ. ఈ బేరాన్ని 1961లో విలియం షాక్లీ, హన్స్ క్వైసర్ అనే ఇద్దరు లెక్కగట్టారు. ఇప్పటి సూర్యకాంతి ప్రమాణాలతో అదే లెక్క చేస్తే 1.34 దగ్గర గరిష్ఠంగా 33.7 శాతం ఎఫిషియెన్సీ వస్తుంది. ఒకే పదార్థంతో చేసిన మామూలు సెల్‌కి అదే సీలింగ్. ఎంత గొప్ప కంపెనీ అయినా దాన్ని దాటలేదు. ఎవరైనా "ఒకే పొర సెల్, 50 శాతం ఎఫిషియెన్సీ" అంటే అక్కడే వీడియో ఆపేయొచ్చు.

ల్యాబ్ ఉండగా కంప్యూటర్ ఎందుకు?

గ్యాప్ 1.1 నుంచి 1.7 మధ్యలో ఉన్న పదార్థాల కోసం వేట ఏళ్లుగా సాగుతోంది. సమస్య ఏంటంటే రెండు, మూడు, నాలుగు మూలకాలను రకరకాల పాళ్లలో కలిపితే వచ్చే కాంబినేషన్లు లక్షల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని ల్యాబ్‌లో తయారు చేసి, శుభ్రం చేసి, కొలవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే ముందు కంప్యూటర్‌లో లెక్కేసి, పనికొచ్చేలా ఉన్నవాటినే ల్యాబ్‌కి పంపిస్తారు. జల్లెడ పట్టడం లాంటిది.

మన దగ్గర కూడా ఈ పనికి కావాల్సిన సరంజామా ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన ‘పరమ్ సేవ’ సూపర్ కంప్యూటర్ ఉంది. ఐఐటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పదార్థాల లక్షణాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే గ్రూపులు పనిచేస్తున్నాయి. తార్నాకలోని ఐఐసీటీ, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సోలార్ సెల్ పదార్థాలను ల్యాబ్‌లో తయారు చేసి చూస్తాయి.

ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం. స్ఫటికంలో అణువులు ముగ్గులో చుక్కల్లా ఒక పద్ధతిలో పేర్చి ఉంటాయి. ముగ్గులో ఒక మూల తెలిస్తే మిగతా మూలలు తెలిసినట్టే. అందుకే కంప్యూటర్ ప్రోగ్రాములు మొత్తం లెక్క చేయకుండా ఒక చిన్న భాగానికి చేసి, మిగతాది ఆ పోలికతో నింపేస్తాయి. ఈ పోలికల గణితాన్ని ఫిజిక్స్‌కి ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఒకటి 1948లో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి వచ్చింది. రాసింది సూరి భగవంతం, టి.వెంకటరాయుడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతం ఆ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా కూడా చేశారు. ఈ పేరు మన షార్ట్స్‌లో ఎక్కడా వినపడదు, అది వేరే సంగతి.

జాతర గుంపును లెక్కపెట్టినట్టు..

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఒక్క సిలికాన్ అణువులో 14 ఎలక్ట్రాన్లు. ప్రతి ఎలక్ట్రాన్ మిగతా అన్నింటినీ తోస్తుంటుంది. ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి. దీన్ని ఉన్నది ఉన్నట్టుగా లెక్క చేయాలంటే ప్రపంచంలోని ఏ సూపర్ కంప్యూటర్‌కీ చేతకాదు.

హనుమాన్ జయంతికి కొండగట్టు మీద దీక్షాపరుల రద్దీ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఒక్కో స్వామి ఎక్కడున్నాడు, ఎటు కదిలాడు, పక్కవాళ్లు ఎటు జరిగారు అని రాసుకుంటూ పోతే ఏ పోలీస్ అధికారి వల్లా కాదు. వాళ్లు చేసేది ఏంటి? క్యూలైన్ దగ్గర ఎంత రద్దీ, కోనేరు దగ్గర ఎంత రద్దీ అని చూస్తారు. మనుషుల లెక్క వదిలేసి, చోటుకి ఎంత గుంపు అనేది పట్టుకుంటారు.

1964లో వాల్టర్ కోన్, పియెర్ హోహెన్‌బెర్గ్ ఎలక్ట్రాన్ల విషయంలో సరిగ్గా ఇదే నిరూపించారు. ఒక్కో ఎలక్ట్రాన్ వివరం అక్కర్లేదు, ఏ చోట ఎంత సాంద్రత ఉందో తెలిస్తే చాలు, అది కింద స్థిమితంగా ఉన్నప్పటి మొత్తం శక్తి తెలిసిపోతుంది అని. 1965లో కోన్, లూ షామ్ కలిసి దాన్ని కంప్యూటర్‌లో చేయగలిగే రూపంలోకి తెచ్చారు. దీని పేరు డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, షార్ట్‌గా డీఎఫ్‌టీ. ఈ పనికే కోన్‌కి 1998లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు బ్యాటరీ పదార్థం దగ్గర నుంచి సోలార్ సెల్ దాకా ఏ కొత్త పదార్థాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టాలన్నా ఎక్కువమంది మొదట పట్టుకునేది దీన్నే.

ఇక్కడే అసలు ట్విస్ట్

ఈ పద్ధతిలో అణువుల మధ్య దూరం అడిగితే దాదాపు కరెక్ట్‌గా చెప్తుంది. స్ఫటికం ఎంత గట్టిగా ఉంటుందో చెప్తుంది. కానీ బ్యాండ్ గ్యాప్ అడిగితే మాత్రం తడబడుతుంది. అదీ కొంచెం కాదు.

సిలికాన్‌నే తీసుకోండి. నిజమైన గ్యాప్ 1.12. ఎక్కువగా వాడే మామూలు డీఎఫ్‌టీ లెక్కలో వచ్చేది 0.6 దగ్గర. సగమే! జర్మేనియం అయితే ఇంకా ఘోరం. దాని అసలు గ్యాప్ 0.67 అయితే లెక్కలో దాదాపు సున్నా వచ్చేస్తుంది. అంటే కంప్యూటర్ దాన్ని సెమీకండక్టర్ కాదు, లోహం అని చెప్పేసినట్టే. తొలి తరం ట్రాన్సిస్టర్లు తయారైందే జర్మేనియంతో!

ఎందుకిలా? మళ్లీ జాతర దగ్గరికే వద్దాం. గుంపు ఎక్కడ ఎంత ఉందో మన దగ్గర లెక్క ఉంది. ఇప్పుడు ప్రశ్న మారింది: "ఇంకొక్క మనిషి కొత్తగా వస్తే ఎక్కడ నిలబడతాడు, ఎంత తోపులాట అవుతుంది?" బ్యాండ్ గ్యాప్ అంటే ఈ ప్రశ్నే. ఒక ఎలక్ట్రాన్‌ను తీస్తే ఎంత, ఒకటి చేరిస్తే ఎంత అనే తేడా. ఉన్న గుంపు గురించి తయారు చేసిన లెక్కను రాబోయే మనిషి గురించి అడుగుతున్నాం. పైగా సగటు లెక్క కాబట్టి ఇంకో లోపం కూడా చేరుతుంది. ప్రతి ఎలక్ట్రాన్ తనను తాను కూడా గుంపులో కలిపేసుకుని, తనను తానే కొంత తోసుకుంటుంది. నిజంలో ఎవరైనా తమను తాము తోసుకుంటారా? ఆ లేని తోపుడు వల్ల ఎలక్ట్రాన్లు ఉండాల్సిన దానికన్నా పలచగా పరుచుకుంటాయి, గ్యాప్ తగ్గిపోతుంది.

దీని వల్ల నష్టం ఏంటో ఒక్క ఉదాహరణ చాలు. ఎవరైనా "గ్యాప్ 1.0 నుంచి 1.7 మధ్య ఉన్నవే నాకు కావాలి" అని ఫిల్టర్ పెట్టి, ఈ నంబర్లనే సరిచేయకుండా వాడారనుకోండి. సిలికాన్ 0.6 దగ్గరే ఫెయిల్. ఉపగ్రహాల సోలార్ సెల్స్‌లో వాడే గాలియం ఆర్సెనైడ్ ఫెయిల్. ప్యానెళ్లుగా అమ్ముడవుతున్న క్యాడ్మియం టెల్యూరైడ్ కూడా ఫెయిల్. లోకమంతా వాడుతున్న మూడు పదార్థాలనూ కంప్యూటర్ చెత్తబుట్టలో వేసేస్తుంది. అవి పనికొస్తాయని మనకి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని కొత్త పదార్థం అయితే? అదెప్పటికీ ల్యాబ్ మొహం చూడదు.

సరిచేసే దారి ఉంది, ఖర్చే ఎక్కువ

సైంటిస్టులకి ఈ సంగతి 1980ల నుంచే బాగా తెలుసు. అందుకే మెరుగైన పద్ధతులు తయారు చేశారు. ‘హైబ్రిడ్’ అనే రకంలో ఆ తనను తాను తోసుకునే లోపాన్ని కొంత మేర తీసేస్తారు. 2003లో వచ్చిన హెచ్ఎస్ఈ అనే పద్ధతిలో సిలికాన్ గ్యాప్ 1.15 దగ్గర వస్తుంది. అంటే దాదాపు కరెక్ట్. ఇంకోటి స్వీడన్‌కి చెందిన లార్స్ హెడిన్ 1965లో వేసిన బాట, పేరు ‘జీడబ్ల్యూ’. ఇదైతే "కొత్త మనిషి వస్తే ఏమవుతుంది" అనే ప్రశ్ననే నేరుగా అడుగుతుంది.

మరి అందరూ ఇవే వాడొచ్చు కదా? టైమ్, కరెంట్ బిల్లు. మామూలు డీఎఫ్‌టీలోనే లెక్క ఎలా పెరుగుతుందంటే, అణువుల సంఖ్య రెండింతలైతే పని దాదాపు ఎనిమిదింతలు అవుతుంది. హైబ్రిడ్‌కి దానిమీద ఇంకా చాలా రెట్లు, జీడబ్ల్యూకి అంతకు మించి. పది పదార్థాలకైతే ఓకే. లక్ష పదార్థాలకి చేయాలంటే సూపర్ కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది. కాబట్టి లక్షల్లో జల్లెడ పట్టేటప్పుడు చీప్ పద్ధతి, చివరికి మిగిలిన కొద్దిమందికి కాస్ట్‌లీ పద్ధతి.. ఇలా దశలవారీగా వెళ్తారు.

రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు!

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన కథ పెరోవ్‌స్కైట్‌లది. పెరోవ్‌స్కైట్ అంటే ఒక రకం స్ఫటిక అమరిక. సీసం, అయోడిన్ కలిసిన ఈ రకం పదార్థంతో 2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం చేసిన సెల్ ఎఫిషియెన్సీ 3.8 శాతమే. పదేళ్లలో అది 25 శాతం చేరింది. దీని అసలు గ్యాప్ 1.6 దగ్గర. మామూలు డీఎఫ్‌టీలో లెక్క చేస్తే.. 1.6 దగ్గరే వచ్చింది! అదేంటి, సగం రావాలి కదా?

విషయం ఏంటంటే సీసం బరువైన అణువు. బరువైన అణువుల్లో ఎలక్ట్రాన్లు ఎంత స్పీడ్‌గా తిరుగుతాయంటే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రభావాన్ని కూడా లెక్కలో కలపాలి. అది కలిపితే గ్యాప్ ఒక్కసారిగా ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా పడిపోయి 0.6 దగ్గరికి వచ్చేసింది. అంటే మొదట్లో గ్యాప్‌ను తగ్గించే తప్పు ఒకటి, పెంచే తప్పు ఒకటి రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పరీక్షలో రెండు స్టెప్పులు తప్పు వేసి కరెక్ట్ ఆన్సర్ తెచ్చుకున్నట్టు. జీడబ్ల్యూ పద్ధతి, సాపేక్షత రెండూ కలిపి చేస్తేనే మళ్లీ అసలు విలువ దగ్గరికి వచ్చింది. నంబర్ సరిపోయినంత మాత్రాన లెక్క కరెక్ట్ అని కాదన్నమాట.

మరి ఏఐ వస్తే?

ఇప్పుడు ఆ వైరల్ వీడియోల సంగతికి వద్దాం. 2011లో అమెరికాలోని బర్కిలీ కేంద్రంగా ‘మెటీరియల్స్ ప్రాజెక్ట్’ మొదలైంది. వేలకొద్దీ పదార్థాలకు డీఎఫ్‌టీ లెక్కలు చేసి ఎవరైనా ఫ్రీగా చూసుకునేలా పెట్టారు. 2018లో ఎంఐటీకి చెందిన టియాన్ షీ, జెఫ్రీ గ్రాస్‌మన్ ఈ డేటాతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి ట్రైనింగ్ ఇచ్చారు. అణువులను చుక్కలుగా, వాటి మధ్య బంధాలను గీతలుగా చూపిస్తే చాలు, గంటలు పట్టే లెక్క లేకుండానే క్షణాల్లో బ్యాండ్ గ్యాప్ అంచనా చెప్పేస్తుంది.

స్పీడ్ సూపర్. కానీ ఆ ఏఐ నేర్చుకున్నది ఎవరి దగ్గర? మామూలు డీఎఫ్‌టీ దగ్గర. గ్యాప్‌ను తక్కువ చూపించే టీచర్ దగ్గర చదువుకున్న స్టూడెంట్ కూడా తక్కువే చెప్తాడు. పైగా టీచర్ చెప్పిన దాంతో పోల్చినా అప్పట్లో సగటున 0.39 ఎలక్ట్రాన్ వోల్ట్ తేడా వచ్చింది. మనకి కావాల్సిన 1.34 చుట్టూ ఆ తేడా పెట్టి చూడండి. 0.95 నుంచి 1.73 దాకా ఏదైనా కావచ్చు. ఆ తర్వాత వచ్చిన మోడళ్లు ఈ తేడాను బాగా తగ్గించాయి. ల్యాబ్‌లో కొలిచిన విలువలు, హైబ్రిడ్ లెక్కలు కొన్ని ఇచ్చి మొదటి తప్పును సరిదిద్దే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. అలాంటి డేటా తక్కువగా ఉండటమే అసలు ఇబ్బంది. ఇక మెటీరియల్స్ ప్రాజెక్ట్ వాళ్లేమీ దాచలేదు, తమ గ్యాప్ నంబర్లు తక్కువ చూపిస్తాయని వాళ్లే తమ వివరణల్లో రాసి పెట్టారు. దాన్ని చదవకుండా వీడియో చేసేది మాత్రం మనవాళ్లే!

2023 నవంబర్‌లో గూగుల్ డీప్‌మైండ్ ‘నోమ్’ అనే ఏఐతో 22 లక్షల కొత్త స్ఫటికాలు అంచనా వేశామని, అందులో 3.8 లక్షలు స్థిరంగా ఉండేవని ప్రకటించింది. పెద్ద న్యూసే. కానీ అది చెప్పింది విడిపోకుండా ఉంటాయా లేదా అన్నది. సోలార్‌కి పనికొస్తాయా అన్నది కాదు. వాటిలో చాలావరకు కొత్తవీ కావు, ఉపయోగపడేవీ కావు అని కొందరు కెమిస్టులు తర్వాత ఏడాదే విమర్శించారు కూడా.

గ్యాప్ కరెక్ట్ వచ్చినా కథ అయిపోదు

సరే, అన్నీ సరిచేసి గ్యాప్ కరెక్ట్‌గా 1.34 వచ్చిందనుకుందాం. ప్యానెల్ వచ్చేసినట్టేనా? కాదు.

కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్ నిట్టనిలువుగా పైకి ఎక్కేస్తుంది. కొన్నింటిలో ఎక్కుతూ పక్కకి కూడా జరగాలి, దానికి అణువుల కంపనం సాయం కావాలి. సిలికాన్ ఈ రెండో రకం. అందుకే వెలుగును నెమ్మదిగా తాగుతుంది, సుమారు 150 మైక్రాన్ల మందం పలక కావాల్సి వస్తుంది. అదే క్యాడ్మియం టెల్యూరైడ్‌కి రెండు మూడు మైక్రాన్ల పూత చాలు. గ్యాప్ ఒక్కటే చూసి మార్కులేస్తే మోసపోతామని 2012లో లిపింగ్ యూ, అలెక్స్ జుంగర్ కొత్త కొలమానం ప్రతిపాదించింది అందుకే.

సీసం విషం కాబట్టి దాని బదులు వెండి, బిస్మత్ వాడితే ఎలా ఉంటుందని 2016లో ఒక పెరోవ్‌స్కైట్‌ను ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్ బృందాలు లెక్కలోనూ, ల్యాబ్‌లోనూ తెచ్చాయి. కంప్యూటర్ చెప్పినట్టే తయారైంది, స్థిరంగానూ ఉంది. కానీ గ్యాప్ 2 దగ్గర, పైగా పక్కకి జరగాల్సిన రకం. మొదట వచ్చిన సెల్స్ ఎఫిషియెన్సీ రెండు మూడు శాతం దగ్గరే ఆగింది.

అంతకుముందు హార్వర్డ్ వాళ్లు ఏకంగా జనం ఇళ్లలోని ఖాళీ కంప్యూటర్లను వాడుకుని 23 లక్షల కార్బన్ అణువుల లెక్క చేసి 2013లో బయటపెట్టారు. దాంతో పరిశోధకులకి పెద్ద డేటా దొరికింది. మన డాబాల మీద మాత్రం ఇప్పటికీ సిలికానే.

మే నెల ఎండ లెక్క వేరే

మామూలు లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. వాటిలో అణువులు కదలకుండా ఉంటాయి. అంటే మైనస్ 273 డిగ్రీల చలి అన్నమాట. మన దగ్గర? మే నెలలో రామగుండం, జగిత్యాల వైపు గాలే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న ప్యానెల్ 65 దాకా కాలుతుంది.

వేడికి గ్యాప్ మారుతుంది. సిలికాన్‌ది ఆ గడ్డకట్టే చలిలో 1.17, మామూలు గది వేడిలో 1.12, ఇంకా కాలితే ఇంకా తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే వోల్టేజ్ పడిపోతుంది, దాంతో పవర్ తగ్గుతుంది. సీసం పెరోవ్‌స్కైట్‌లో రివర్స్, వేడికి గ్యాప్ కొంచెం పెరుగుతుంది. ప్యానెల్ వెనక రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గే ప్యానెల్ అనుకుంటే, 65 డిగ్రీల దగ్గర 14 శాతం లాస్. 550 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 473 వాట్ల దగ్గర ఆగిపోతుంది. "ఎండ ఎక్కువుంటే కరెంట్ ఎక్కువ" అనుకుంటాం కానీ వెలుగు కావాలి, వేడి కాదు.

రామగుండంలో నీళ్ల మీద పెట్టడంలో ఉన్న లాభం ఇందులోనే ఉంది. 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తున్న ఈ ప్లాంటును 500 ఎకరాల రిజర్వాయర్ మీద, 423 కోట్ల ఖర్చుతో బీహెచ్ఈఎల్ కట్టింది. 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు. అంటే దగ్గర దగ్గర నాలుగున్నర లక్షలు. కింద నీళ్ల చల్లదనం వల్ల ప్యానెళ్ల వేడి కాస్త తగ్గుతుంది, గ్యాప్ నిలబడుతుంది, కరెంట్ కాస్త ఎక్కువొస్తుంది. ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ఎన్టీపీసీ లెక్క చెప్పింది. కొత్త పదార్థం ఏదీ లేకుండానే, ఉన్న సిలికాన్‌తోనే ఇదంతా.

ఇంతకీ ఆగాలా, వద్దా?

ఇప్పుడు నిజంగా దగ్గర్లో ఉన్న కొత్త టెక్నాలజీ ఒకటుంది. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసే ‘టాండెమ్’ సెల్. పై పొర గ్యాప్ 1.7 దగ్గర ఉంటే పెద్ద ఫోటాన్లను అది పట్టుకుంటుంది, చిన్నవాటిని కింద సిలికాన్ తీసుకుంటుంది. అయోడిన్‌లో కొంత బ్రోమిన్ కలిపితే గ్యాప్ 1.6 నుంచి 2.3 వైపు జరుగుతుంది. ఏ పాళ్లలో కలిపితే ఎంత వస్తుంది అని చూడటంలో కంప్యూటర్ లెక్కలు బాగా పనికొచ్చాయి. చైనా కంపెనీ లాంగీ 2024లో ఇలాంటి సెల్‌తో 34.6 శాతం సాధించింది. ఒకే పొర సీలింగ్ 33.7ను దాటేసింది! అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ పీవీ మొదటి కమర్షియల్ టాండెమ్ ప్యానెళ్లను అమెరికాకు పంపింది.

కానీ పెరోవ్‌స్కైట్‌కి తేమ పడదు, వేడి పడదు. సిలికాన్ ప్యానెళ్లకి కంపెనీలు 25 ఏళ్ల పెర్ఫార్మెన్స్ వారంటీ ఇస్తున్నాయి. మన మే ఎండ, ఆ వెంటనే వచ్చే జులై ముసురు.. ఈ రెండింటినీ 25 ఏళ్లు తట్టుకుంటుందా అన్నది బ్యాండ్ గ్యాప్ నంబర్ చెప్పదు. ఏళ్ల తరబడి ఎండలో పెట్టి చూడాల్సిందే.

కాబట్టి కరెంట్ బిల్లు కోసం ప్యానెల్ పెట్టించుకునేవాళ్లు వైరల్ వీడియో చూసి ఆగాల్సిన పనైతే లేదనే చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ప్రకారం కేంద్రం సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేలు. ఆగిన ప్రతి నెలా బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

ఈసారి "ఏఐ కొత్త సోలార్ పదార్థం" అని మెసేజ్ వస్తే, ఆ గ్యాప్ లెక్కలో వచ్చిందా, కొలిస్తే వచ్చిందా అని అడగండి. లెక్క అయితే మామూలు డీఎఫ్‌టీనా, హైబ్రిడ్‌నా, జీడబ్ల్యూనా? కొలిచింది అయితే గోరంత సెల్ మీదా, డాబా మీద పెట్టే సైజు ప్యానెల్ మీదా? దీనికి జవాబు లేకుండా అడ్వాన్స్ కట్టమని అడిగితే కట్టకండి. ఇక షాపులో సిలికాన్ ప్యానెల్ కొనేటప్పుడు వాట్లు ఎన్ని అని అందరూ అడుగుతారు. దాంతోపాటు డేటా షీట్‌లో ‘టెంపరేచర్ కోఎఫిషియెంట్’ అనే లైన్ చూపించమనండి. మైనస్ 0.40 ఉన్నదానికన్నా మైనస్ 0.30 ఉన్నది మన ఎండలకి మేలు. డాబాకి, ప్యానెల్‌కి మధ్య గాలి ఆడేలా స్టాండ్ ఎత్తుగా కట్టించుకుంటే ఇంకాస్త కలిసొస్తుంది.